ఎండాకాలం మధ్యాహ్నాలు: రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లల్ని ఇంట్లో నవ్విస్తూ ఆడించడం ఎలా?

పటమట నాన్న (ఉదయం 9.40)
బాబుకు రెండున్నరేళ్ళు. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే పదకొండు దాటితే బాల్కనీ గచ్చు మీద కాలు పెట్టలేకపోతున్నాం. పదకొండు నుంచి అయిదు దాకా ఇంట్లోనే ఉండాలి. ఫోను ఇవ్వకూడదని నిర్ణయం. కొన్న బొమ్మల జాబితా వద్దు. ఇంట్లో ఉన్న సామానుతో ఏం చేయవచ్చు, ఎంత కొలత, ఎక్కడ చెడిపోతుంది అన్నది తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. రెండోది, ఈ వయసు మాటలు వింటుంటే ఎంత ముచ్చటో, వాటిని జాగ్రత్తగా రాసిపెట్టుకోవడం ఎలాగో కూడా చెప్పండి.

బాలబడి టీచర్, గుంటూరు (10.05)
మొదట నీళ్ళు. ఈ వయసు పిల్లలకు నీళ్ళు పొయ్యడం, ఒంపడం కంటే పెద్ద వేడుక లేదండి. కానీ మన ఊళ్ళలో ఒక చిక్కుంది. డాబా మీది ట్యాంకు నీళ్ళు పన్నెండింటికల్లా ఒళ్ళు కాలేంత వేడెక్కుతాయి. ఉదయం ఆరింటికే రెండు బకెట్లు పట్టి, మూతపెట్టి, నీడలో ఉంచుకోండి. ఆట మొదలెట్టే ముందు మీ మోచెయ్యి ముంచి చూడండి, వేలితో చూస్తే సరిగ్గా తెలియదు.

వెడల్పాటి బేసిన్‌లో రెండు అంగుళాల నీళ్ళు చాలు. గరాటు, టీ వడకట్టే జల్లెడ, స్పాంజి ముక్క, రెండు స్టీలు గ్లాసులు ఇవ్వండి. అన్నీ ఒకేసారి పెట్టకండి. మొదట గ్లాసులే. పావుగంటకు ఆట చల్లబడుతుంది, అప్పుడు గరాటు తీయండి. ఇంకో పావుగంటకు స్పాంజి. ఇలా ఒక్కొక్కటే వస్తే ఆట గంట నడుస్తుంది. అన్నీ కలిపి ముందరే పోస్తే పది నిమిషాల్లో బేసిన్ బోర్లిస్తారు.

బేసిన్ కింద పాత దుప్పటి పరవండి, గోనెసంచి అయితే ఇంకా మంచిది. ఉత్త టైల్స్ మీద ఆడించకండి, జారతారు. రెండు అంగుళాలే కదా అని వంటింట్లోకి వెళ్ళొద్దు. చిన్నపిల్లలకు ముక్కు, నోరు మునిగేంత నీళ్ళున్నా ప్రాణాపాయమే. తలుపు కొడితే పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళి తీయండి. ఆట అయ్యాక బేసిన్, బకెట్లు వెంటనే ఒంపేయండి.

బ్రాడీపేట అమ్మమ్మ (10.31)
నాయనా, అటక మీద పాత ఇత్తడి గిద్ద, సోల, తవ్వ ఉంటే దింపించు. చింతపండు పెట్టి తోమితే చాలు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పిల్లాడు గిద్దతో పోస్తుంటే పక్కన కూర్చుని "ఒకటీ, రెండూ, మూడూ" అంటూ ఉండు. నాలుగోది పోసేసరికి సోల అంచుదాకా నిండి, పైన నీళ్ళు ఉబ్బి నిలబడతాయి చూడు, అక్కడ ఊపిరి బిగబట్టి చూస్తారు. అయిదో గిద్ద పోస్తే పొర్లిపోతుంది. ఆ పొర్లడానికే నవ్వంతా. ఇరవైసార్లు పోసినా ఇరవైసార్లూ కొత్తగానే నవ్వుతారు. విసుక్కోకుండా కూర్చోవడమే మన పని.

బియ్యంతో ఈ ఆట మూడు నిండాకే. అంతకంటే చిన్నవాళ్ళు గింజ ముక్కులో పెట్టుకుంటారు.

పటమట నాన్న (10.48)
అమ్మమ్మ గారూ, గిద్ద, సోల ఉన్నాయి. అటక మీద నుంచి దింపిస్తాను. సబ్బు బుడగలు ఇంట్లో కలిపితే ఊదగానే పగిలిపోతున్నాయి. ఎందుకు?

రసాయనం మాస్టారు, సత్యనారాయణపురం (11.15)
మూడు కారణాలు. ఏది మీదో చూసుకోండి.

మీరు సబ్బు ముక్క అరగదీసి బోరు నీళ్ళలో కలిపి ఉంటారు. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి, ఇక బుడగకు సబ్బు మిగలదు. గిన్నెలు తోమే లిక్విడ్ గానీ పిల్లల షాంపూ గానీ వాడండి. వాటికి ఈ బెడద తక్కువ. నీళ్ళు తాగే క్యాన్‌లోవి తీసుకోండి.

కొలత: ఒక గ్లాసు నీళ్ళు (200 మి.లీ.), రెండు టేబుల్ స్పూన్ల లిక్విడ్, ఒక టేబుల్ స్పూన్ గ్లిజరిన్. గ్లిజరిన్ మందుల షాపులో దొరుకుతుంది. బుడగ పొరలో నీళ్ళు ఆవిరైపోతే పగులుతుంది, గ్లిజరిన్ ఆ తడిని పట్టి ఉంచుతుంది. నురగ రాకుండా నెమ్మదిగా కలిపి రాత్రంతా వదిలేయండి. నురగ ఉన్న నీళ్ళతో పెద్ద బుడగ రాదు.

మూడోది వేళ. మిట్టమధ్యాహ్నం వడగాలిలో, పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఎంత మంచి ద్రావణమైనా నిలవదు. సాయంత్రం ఆరు దాటాక గాలిలో తేమ పెరుగుతుంది, అప్పుడు ఊదండి.

మూడేళ్ళలోపు వాళ్ళకు ఊదడం, పీల్చడం మధ్య తేడా చేతకాదు. గొట్టం నోట్లో పెట్టగానే పీల్చేస్తారు. ప్లాస్టిక్ స్ట్రా అయితే నోటి వైపు అంగుళం కింద పిన్నుతో రెండు చిల్లులు పెట్టండి. పీల్చితే ఆ చిల్లుల్లోంచి గాలి వస్తుంది, సబ్బునీళ్ళు పైకెక్కవు. ఊదితే మాత్రం బుడగ వస్తుంది.

కృష్ణలంక పిన్ని (11.40)
స్ట్రా ఎందుకండీ, బొప్పాయి ఆకు కాడ ఉందిగా! లోపల బోలుగా ఉంటుంది, వేలంత లావు, బుడగ నిమ్మకాయంత వస్తుంది. జానెడు ముక్క కోసి, పాలు కారిపోయేదాకా కడిగి, ఒక రోజు ఆరబెట్టండి. పచ్చి కాడ పాలు పెదాలకు తగిలితే దురద, మంట.

కుంకుడు రసంతో కూడా బుడగలు బాగా వస్తాయి గానీ కళ్ళలో పడితే పిల్లలు గోల గోల. నాలుగేళ్ళు దాటాక చూద్దాం. పొలం గట్ల మీద అడవి ఆముదం కాడ విరిచి పాలతో బుడగలు ఊదడం చాలామందికి తెలుసు. ఆ ఆట మాత్రం నేర్పొద్దు. ఆ మొక్క గింజలు విషం, పాలూ మంచివి కావు.

బాలబడి టీచర్, గుంటూరు (12.10)
పిండి ముద్ద సంగతి. ఉత్త మైదా, నీళ్ళు కలిపిస్తే గంటలో జిగురై, మర్నాటికి పులుస్తుంది. పొయ్యి మీద చేస్తే నాలుగైదు వారాలు ఉంటుంది.

ఒక కప్పు మైదా, అర కప్పు మెత్తటి ఉప్పు, ఒక కప్పు నీళ్ళు, ఒక టేబుల్ స్పూన్ నూనె, ఒక నిమ్మకాయ రసం. ఉండలు లేకుండా చల్లగా ఉండగానే కలిపి, అప్పుడు సన్నసెగ మీద పెట్టండి. ఆపకుండా తిప్పండి. మొదట పల్చటి గంజిలా, తర్వాత ముక్కలు ముక్కలుగా అవుతుంది. పాడయిందనుకుని చాలామంది అక్కడే దింపేస్తారు. దింపొద్దు. ఇంకో రెండు నిమిషాలకు అంచులు వదిలి గరిటెకు ముద్దగా చుట్టుకుంటుంది. వేలితో తాకితే అంటకూడదు. దింపి, చెయ్యి పట్టేంత చల్లారాక చపాతీ పిండిలా అయిదు నిమిషాలు మర్దించండి.

అంటుకుంటే సెగ చాలలేదని అర్థం, మళ్ళీ ఒక నిమిషం పెట్టండి. పగుళ్ళు వస్తే అర స్పూన్ నూనె. వానలు మొదలయ్యాక అదే ముద్ద చెమర్చినట్టు తడిగా అవుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి. స్పూన్ పొడి మైదా అద్ది మర్దిస్తే సరి.

రంగుకు పసుపు అర స్పూన్ వేస్తే అచ్చం మామిడిపండు. బీట్‌రూట్ రసం పొయ్యి మీద ఉండగా వేస్తే గోధుమ రంగుకు తిరుగుతుంది, చల్లారాక మర్దించేటప్పుడు వేయాలి.

ఉప్పు చాలా ఎక్కువ కనుక నోట్లో పెట్టుకునే వయసుకు ఇవ్వకండి. ఒక ముక్క నాకితే మొహం చిట్లించి వాళ్ళే ఉమ్మేస్తారు, కానీ ముద్దలు ముద్దలుగా తింటే ప్రమాదమే. రెండేళ్ళలోపు పిల్లలకు చపాతీ పిండే చాలు. చిన్న పీట, అప్పడాల కర్ర ఇచ్చి మీరు చపాతీలు చేసేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు చేసిన దాన్ని కూడా కాల్చి, "ఇది ఎవరు చేసిన చపాతీ?" అని ఇంట్లో అందరినీ అడగండి. భారతదేశం పటంలా ఉన్నా సరే, ఆ చపాతీ ఎవరికీ ఇవ్వకుండా వాళ్ళే తింటారు.

రసాయనం మాస్టారు, సత్యనారాయణపురం (12.32)
పసుపు మాట వచ్చింది కాబట్టి ఒకటి. తెల్లకాగితం మీద పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టండి. పిల్లాడి చేతికి దూదిపుల్ల, సబ్బునీళ్ళు ఇవ్వండి. గీసిన చోటల్లా ఎర్రగా తిరుగుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో పసుపు, సున్నం కలిసినప్పుడు జరిగేదీ ఇదే. పిల్లల ఆటకు సున్నం మాత్రం వాడొద్దు, కంటికి తగిలితే చాలా హాని. సబ్బుతోనే కానివ్వండి. పసుపు మరక చొక్కా మీద పడితే కంగారు పడి రుద్దకండి. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, ఉతికి ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది.

పిల్లల వార్డు నర్సు (1.20)
నవ్వించే ఆటల్లో జాగ్రత్త చెప్పకపోతే మనసొప్పదు, రాస్తున్నాను.

రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పడం, ఒంటి చేత్తో పైకి లాగడం వద్దండి. ఒకటి నుంచి నాలుగేళ్ళ మధ్య మోచేతి దగ్గర ఎముక చుట్టూ ఉండే కట్టు ఇంకా వదులుగా ఉంటుంది. లాగితే ఎముక కొద్దిగా జారుతుంది. పిల్లాడు ఆ చెయ్యి వేలాడేసి అసలు కదపడు, ఎత్తబోతే ఏడుస్తాడు, వాపు కనిపించదు. నూనె రాసి తోమించకండి, లాగించకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చాలాసార్లు క్షణాల్లో సరిచేస్తారు. ఎత్తాలంటే చంకల కింద పట్టుకోండి.

పైకి ఎగరేసి పట్టుకునే ముందు తలెత్తి ఫ్యాన్ ఎక్కడుందో చూడండి. అసలు ఆ ఆట ఇంట్లో వద్దు. దానికి బదులు ఉప్పుమూట ఆడండి. వీపున ఎక్కించుకుని ఇల్లంతా తిరుగుతూ "ఉప్పు కావాలా ఉప్పు, కిలో ఎంత?" అని గది గదికీ వెళ్ళి అడగండి. తాతగారు బేరం చేయాలి. "ఇది ఉప్పు కాదు, కదులుతోందే!" అనాలి. మూట కిలకిలా నవ్వుతుంది. మీరు ఒక చెయ్యి వెనక్కి పెట్టి నడుం పట్టుకోవాలి. నవ్వుతూ వెనక్కి వాలిపోతారు.

చక్కిలిగింతలు మితంగా. "వద్దు" అన్న మొదటిసారే ఆపేయాలి. నవ్వు వస్తున్నా ఇబ్బంది పడుతూ ఉండొచ్చు. ఆపితే, "మళ్ళీ" అని వాళ్ళే వస్తారు.

గుంటూరు వాళ్ళకు ప్రత్యేకంగా: మిరపకాయలు తొడిమలు తీసిన చేతులతో పిల్లల్ని ముట్టుకోకండి. కారం నీళ్ళకు పోదు, నూనెలో కరుగుతుంది. ముందు వంటనూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి. పిల్లల కంట్లో పడితే నూనె గీనె వేయొద్దు, మంచినీళ్ళతో పావుగంట కడుగుతూ ఉండండి, మంట తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి. నోరు మండితే నీళ్ళు కాదు, పెరుగు.

పటమట నాన్న (1.52)
దాగుడుమూతలు ఆడదామంటే ప్రతిసారీ అదే కర్టెన్ వెనక, కాళ్ళు బయటికి. పైగా "నేను ఇక్కడున్నా" అని అరుపు. ఈ వయసుకు ఈ ఆట తొందరా?

మాటల టీచర్, లక్ష్మీపురం (2.15)
తొందరేం కాదండి, సరిగ్గా ఈ వయసు ఆటే. తనకు మీరు కనిపించకపోతే మీకూ తను కనిపించనని రెండున్నరేళ్ళ పిల్లాడి లెక్క. అందుకే కళ్ళు మూసుకుని నడిగదిలో నిలబడి దాక్కున్నాననుకుంటాడు. దొరకడమే వాడికి పండగ, దాక్కోవడం కాదు. కనుక మీరు కాళ్ళు చూసి కూడా చూడనట్టు, "బీరువా వెనక లేడే! బియ్యం డబ్బాలో ఉన్నాడా? అయ్యో, ఇందులోనూ లేడే!" అంటూ వెతకండి. వెనక, కింద, లోపల, పైన అన్న మాటలన్నీ ఆ వెతుకులాటలోనే వచ్చేస్తాయి. నిమిషం మించి వెతకొద్దు, అంతకు మించితే ఓపిక పోతుంది లేదా బెంగపడతాడు. మీరు దాక్కునేటప్పుడు మీ చెయ్యో, చీర కొంగో కనబడేట్టు దాక్కోండి. ఆటకు ముందు బాత్రూమ్ లోపలి గడియ, బీరువా తాళం, వాషింగ్ మెషిన్ మూత చూసుకోండి.

ఇక మాటలు రాసిపెట్టుకోవడం. ఒక నోటు పుస్తకం, రోజుకు రెండు మూడు వరుసలు. తేదీ, వయసు (2 ఏళ్ళ 6 నెలలు అని), అన్నది అన్నట్టుగా, ఏ సందర్భంలో అన్నాడో. సరిదిద్ది రాస్తే ఆ పుస్తకానికి విలువుండదు. "తాత కాలు వచ్చింది" అన్నాడనుకోండి, అలాగే రాసి పక్కన "తాత కారు వచ్చింది" అని పెట్టండి. ఈ వయసులో ర పలకదు, ల అవుతుంది, కారు కాస్తా కాలవుతుంది. పదేళ్ళ తర్వాత చదివితే పక్కన రాసిన అర్థమే ఆదుకుంటుంది. ఫోనులో గొంతు కూడా రికార్డు చేయవచ్చు, పిల్లాడికి తెరమాత్రం చూపించకుండా. నెలకోసారి ఒకే బొమ్మల పుస్తకం ముందు పెట్టి రెండు నిమిషాలు చేస్తే మాట ఎలా ఎదిగిందో తెలుస్తుంది.

ఈ కొన్ని వినిపిస్తే తప్పకుండా పట్టుకోండి. "నీకు పాలు కావాలా?" అని మనం అడుగుతాం కనుక, తనకు కావాలన్నా "నీకు పాలు కావాలి" అంటాడు. అమ్మ వచ్చింది, పాప వచ్చింది, బస్సు వచ్చింది అని విని విని "నాన్న వచ్చింది" అంటాడు. జరిగిపోయిందంతా "నిన్న", పోయిన సంక్రాంతి కూడా నిన్నే. రాబోయేదంతా "రేపు". లాల, బువ్వ, జేజే, అప్పచ్చి లాంటి మాటలు ఎప్పుడు వదిలేశాడో కూడా రాయండి. మొదటి మాట అందరూ రాస్తారు, ఆఖరిసారి "లాల" అన్న రోజు ఎవరూ రాయరు.

సరిదిద్దాలంటే "తప్పు, అలా కాదు" అనొద్దు. "అవును, నాన్న వచ్చాడు!" అని సరైన మాటతో జవాబివ్వండి, చాలు. ఎదురుగా నవ్వి, చుట్టాల ముందు మళ్ళీ మళ్ళీ అనిపించొద్దు. కొందరు పిల్లలు ఆ మాటే మానేస్తారు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి ("అమ్మ, రా" లాగా) అనకపోతే మాత్రం ఎదురుచూడకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఫోను సంగతిలో మీ నిర్ణయం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది, ఏడాది పిల్లలకు అసలే వద్దు అని.

బ్రాడీపేట అమ్మమ్మ (4.05)
మాటల టీచరమ్మా, "ఆఖరిసారి లాల అన్న రోజు" అని భలే రాశావు తల్లీ. కళ్ళు చెమర్చాయి.

ముంజెల కాలం కదా, దాని గురించి కూడా. మూడేళ్ళలోపు వాళ్ళకు ముంజె చెక్కు పూర్తిగా వొలిచి, నాలుగు ముక్కలు చేసి పెట్టండి. చెక్కు వగరు. ముంజె అలాగే ఇస్తే జారి గొంతులో పడుతుంది. ద్రాక్ష కూడా నిలువుగా కోసే పెట్టాలి. వేరుశెనగ గుళ్ళు, శెనగలు నాలుగు, అయిదేళ్ళు వచ్చేదాకా వద్దు.

ముంజెలు తిన్నాక కాయలు పారెయ్యకు నాయనా. బండి చేయి.

పటమట నాన్న (4.20)
ఒకసారి చేసి చూస్తే చక్రాలు వంకరగా తిరిగి ఊడిపోయాయి అమ్మమ్మ గారూ. కొలతలు చెప్పండి.

బ్రాడీపేట అమ్మమ్మ (4.44)
ఒకే సైజు కాయలు రెండు ఏరుకో. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే బండి ఎప్పుడూ చిన్న కాయ వైపే తిరుగుతుంది. ఇరుసుకు అడుగు పొడవు వేపపుల్ల, చిటికెన వేలంత లావు, రెండు కొసలూ చెక్కు. కళ్ళు తీసిన వైపు బయటికి ఉండాలి, పుల్ల లోపలి వైపు నుంచి నడిమధ్యలో దిగాలి. ముందు మేకుతో చిన్న దారి చేసి, తర్వాత పుల్ల తిప్పుతూ దించు. సుత్తితో కొడితే కాయ చీలుతుంది. మధ్య నుంచి అరంగుళం పక్కకు పోయినా వంకరగా తిరుగుతుంది, నీ బండికి జరిగింది అదే. తోయడానికి పంగల కర్ర, పంగ ఇరుసు మధ్యలో ఆనాలి. కర్ర పొడవు పిల్లాడి రొమ్ము దాకా. పొడవైతే కడుపులో గుచ్చుకుంటుంది, పై కొసకు గుడ్డ చుట్టు.

కాయలు పచ్చిగా ఉండగానే చేయి. మూడు రోజులకు ఎండి ముడుచుకుంటాయి, చిల్లు వదులవుతుంది. అప్పుడు ఇరుసు కొసకు గుడ్డపేలిక చుట్టి దిగ్గొట్టవచ్చు. వారానికి కాయలే మార్చాలి.

కృష్ణలంక పిన్ని (5.10)
ఆ బండి తోయడానికి అయిదున్నర దాటాక రాజీవ్ గాంధీ పార్కుకు తీసుకెళ్ళండి. లేదంటే ప్రకాశం బ్యారేజీ మీద ఎత్తుకుని నడవండి, కిందకు దింపొద్దు, బళ్ళు ఎక్కువ. 70 గేట్లు ఉన్నాయి, "ఒకటి, రెండు, అయిదు, పది" అని వాడి లెక్కలోనే లెక్కపెట్టనివ్వండి. ఘాట్ మెట్లు నాచు పట్టి జారతాయి, నీటి అంచుకు మాత్రం వెళ్ళకండి.

పటమట నాన్న (8.35)
ఇక్కడ ఇప్పుడే కరెంటు పోయింది. చీకట్లో ఏం ఆడించాలి? తొందరగా చెప్పండి.

రసాయనం మాస్టారు, సత్యనారాయణపురం (8.37)
నీడల ఆట. ఫోను టార్చి వెలిగించి, స్టూలు మీద నిలబెట్టి, వెలుగు తెల్లగోడ వైపు తిప్పండి. గోడకు అయిదారు అడుగుల దూరం. కొవ్వొత్తి వద్దు, నీడ వణుకుతుంది, పైగా పిల్లాడు పట్టుకోబోతాడు. చెయ్యి గోడకు దగ్గరైతే నీడ చిన్నది, గట్టి అంచు. వెలుగుకు దగ్గరైతే గదంత పెద్దది. బొటనవేలు నిలబెట్టి, చిటికెనవేలు కిందికి మీదికి ఆడిస్తే కుక్క మొరుగుతుంది. రెండు బొటనవేళ్ళు ముడివేసి అరచేతులు ఆడిస్తే కాకి. మొదట కాకిని చిన్నగా ఎగరేసి, ఒక్కసారిగా వెలుగు దగ్గరికి తేండి, కాకి గోడంతా నిండుతుంది. భయపడితే వాడి చేతినే పెట్టనివ్వండి. తన చెయ్యి అంత పెద్దదై గోడెక్కితే భయం ఉండదు.

పటమట నాన్న (8.52)
కాకి ఎగిరింది. "ఇంకో కాకి" అంటున్నాడు.